గోడలు పాతవే, మురుగు కొత్తది

సంపాదకులు గారికి,

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే వీధుల్లో ఒకదానిలో మా ఇల్లు. మా ఎదురు వరసలో నాలుగంతస్తుల అద్దాల భవనం ఒకటుంది. నిన్న మొన్నటి దాకా అందులో కింద ఫైనాన్స్ కంపెనీ, పైన ఇన్సూరెన్స్ ఆఫీసు, ఆ పైన కంప్యూటర్ కోచింగ్ నడిచేవి. పొద్దున పదికి వచ్చి, సాయంత్రం ఆరు దాటితే షట్టర్లు దించుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు దానికి 50 పడకల మల్టీ స్పెషాలిటీ ఆస్పత్రి అని ఫ్లెక్సీ కట్టారు. లోపల పని రాత్రింబగళ్ళు సాగుతోంది.

ఆస్పత్రి రావద్దని ఈ ఉత్తరం రాయడం లేదు. మా చిన్నప్పుడు చిత్తూరు జిల్లాలో ఎవరికైనా జబ్బు ముదిరిందంటే వేలూరు బస్సెక్కడమే. ఇప్పుడు కడప, నెల్లూరు వాళ్ళు కూడా తిరుపతికే వస్తున్నారు. రుయాలోనో స్విమ్స్‌లోనో ఓపీ చీటీ కోసం నిలబడిన జనాన్ని చూస్తే ఇంకో పది ఆస్పత్రులు వచ్చినా చాలవనిపిస్తుంది. వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? నేను అడిగేది ఇదీ. ఆఫీసు కోసం కట్టిన భవనంలో ఆస్పత్రి పెట్టేటప్పుడు నీళ్ళు ఎక్కడివి, మురుగు ఎక్కడికి, చెత్త ఎవరికి, జనరేటర్ పొగ ఎవరి కిటికీలోకి అని అన్నీ కలిపి ఒకచోట కూర్చుని చూసేవాళ్ళు ఎవరు?

మున్సిపాలిటీల్లో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయినవాణ్ణి. మురుగు, చెత్త, ఈ రెండింటి మధ్యే నా ఉద్యోగం గడిచింది. అందుకే అందరూ ఆ భవనం ముందు కొత్త బోర్డు చూస్తుంటే నేను వెనకాల పైపులు చూస్తున్నా.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆఫీసులో మనిషికి రోజుకు 45 లీటర్ల నీళ్ళు చాలు. వంద పడకల లోపు ఆస్పత్రికైతే పడకకు 340 లీటర్లు కావాలి. పాత ఆఫీసులన్నీ కలిపి వందమంది ఉండేవాళ్ళనుకున్నా 4,500 లీటర్లు. 50 పడకలకు 17,000. అందులో 80 శాతం మురుగై బయటికొస్తుందని ఇంజినీర్లు మామూలుగా వేసే లెక్క. అంటే రోజుకు 13,600 లీటర్లు, ఆదివారం అని లేదు, పండగ అని లేదు. ఎండాకాలం వస్తే మా వీధిలో సగం ఇళ్ళు ట్యాంకర్ల మీదే బతుకుతాయి. ఈ ఆస్పత్రికి 5 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు మూడు తోలినా చాలవు. ట్యాంకర్లు వద్దనుకుంటే బోరు ఇంకా లోతుకు దించుతారు. వాళ్ళ బోరు దిగితే మా బోర్లు ఏమవుతాయో వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

మొన్న పక్క సందులోంచి పోతూ నిలబడ్డాను. భవనం వెనక గోడకు కొత్త పీవీసీ పైపులు బిగిస్తున్నారు. ప్లంబర్ కుర్రాడిది పీలేరు వైపట. టాయిలెట్లు, పై అంతస్తు ఆపరేషన్ థియేటర్ సింకులు, రెండో అంతస్తు ల్యాబ్ సింకు, అన్నింటినీ బెండులు వేసి ఒకే నిలువు పైపులో కలిపేశాడు. ఆ పైపు వచ్చి ఆఫీసుల కాలంనాటి చాంబర్లో పడుతుంది. అక్కడి నుంచి నాలుగంగుళాల లైను వీధి మ్యాన్‌హోల్‌కి.

"ఏం నైనా, ల్యాబ్ లైను వేరేగా పోవద్దా? మందు కలిపే ట్యాంకు ఎక్కడ?" అన్నా.

"నాకిచ్చిన డ్రాయింగులో ఒకటే లైను ఉంది సార్. తర్వాత ఏమన్నా కడతారేమో, కాంట్రాక్టర్‌ను అడగండి" అన్నాడు.

వాడినేమంటాం? గీసిచ్చింది వేశాడు. కానీ 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ రూల్సులో ఉన్నది వేరు. ల్యాబులోనూ థియేటర్లోనూ వాడే రసాయనాల నీళ్ళను విడిగా పట్టి, అక్కడికక్కడే శుద్ధి చేసి, ఆ తర్వాతే మిగతా మురుగులో వదలాలి. చివర శుద్ధి కేంద్రం లేని డ్రైనేజీలోకి వదిలే పడకల ఆస్పత్రులకైతే ఇంకో గట్టి పరీక్ష పెట్టారు. బయటికి పోయే నీళ్ళలో మంచినీళ్ళు కలపకుండా చేపలను వదిలితే 96 గంటల తర్వాత నూటికి 90 చేపలు బతికుండాలి. మా మ్యాన్‌హోల్ గట్టి వాన పడితే చాలు, మూత తోసుకుని పొంగుతుంది. చేపల సంగతి సరే, ఆ నీళ్ళలో బడికి నడిచిపోయేది మా పిల్లలు. వీధి చివర ఆ మురుగు ఏ లైనులో కలుస్తుందో, శుద్ధి కేంద్రం దాకా పోతుందో, దారిలో ఏ కాలువలోనైనా పడుతుందో చూడకుండా ఇక్కడ ఏ రూలు వర్తిస్తుందో ఎవరు తేలుస్తారు?

ఇక చెత్త. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో ఒక క్లినిక్ వెనక కుండీ ఎత్తుతుంటే మా పారిశుద్ధ్య కార్మికురాలి అరచేతిలో సిరంజి సూది దిగింది. గ్లౌజు ఉంది, అది దాటి దిగింది. చూడబోతే రక్తం చుక్కంతే. పరీక్ష చేయించుకుని, మళ్ళీ చేయించుకుని, ఏమీ లేదని తేలేదాకా ఆమె పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. ఇంట్లో చంటిబిడ్డ. పాలివ్వచ్చా వద్దా అని నన్నడిగింది. డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం తప్ప నాకు మాత్రం ఏం తెలుసు? సూదులూ బ్లేడ్లూ గుచ్చుకోని తెల్ల డబ్బాలో, రక్తపు గుడ్డలు, శరీర భాగాలు పసుపు సంచిలో, ట్యూబులు, సెలైన్ సీసాల ప్లాస్టిక్ ఎర్ర సంచిలో, గాజు నీలం గుర్తు డబ్బాలో వేయాలని రూలు. సంచికి బార్‌కోడ్ ఉండాలి. శరీర భాగాలు, రక్తపు గుడ్డలు 48 గంటలకు మించి ఉంచకూడదు. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఆస్పత్రి సొంతంగా కాల్చుకోకూడదు, అక్కడికే పంపాలి. అన్నీ బాగానే రాశారు. మరి ఆ బండి వచ్చేదాకా సంచులు పెట్టే గది ఏదీ? కాగితాల బుట్టలు తప్ప చెత్త ఎరగని ఆఫీసు భవనంలో అలాంటి గదికి ఎవరు జాగా వదులుతారు? ఇక మిగిలింది సెల్లార్.

ఈ సెల్లార్ దగ్గరే నాకు అసలు గుబులు. 2021 నవంబరు వానలకు తిరుపతి ఎలా మునిగిందో ఎవరూ మరిచిపోలేదు. అప్పుడు ఈ సెల్లార్ కూడా నిండితే మోటార్లు పెట్టి తోడారు. ఆఫీసువాళ్ళ బైకులు నానాయి, అంతటితో పోయింది. ఇప్పుడు అక్కడికే జనరేటర్, ఆక్సిజన్ సిలిండర్లు, మందుల స్టోరు, చెత్త సంచులు వస్తాయని పనివాళ్ళే చెబుతున్నారు. బండ్లు ఎలాగూ వీధిలోకే వస్తాయి. అలాంటి వాన మళ్ళీ పడిందనుకోండి, ఆ పసుపు సంచులు తేలుకుంటూ ఎవరి గేటు దగ్గర ఆగుతాయి? 2011 డిసెంబరులో కోల్‌కతాలోని ఒక పెద్ద ఆస్పత్రిలో మంటలు లేచింది బేస్‌మెంట్‌లోనే. పార్కింగుకు వదలాల్సిన చోట సామాను నింపారు. అద్దాల గోడలు, పొగ బయటికి పోయే దారి లేదు. 90 మంది దాకా పోయారు, ఎక్కువమంది మంచాల మీద ఊపిరాడకనే. అంత దూరం ఎందుకు, 2020 ఆగస్టులో విజయవాడలో హోటల్‌ను కోవిడ్ కేంద్రంగా మార్చిన చోట తెల్లవారుజామున నిప్పంటుకుని 10 మంది చనిపోయారు. అదీ వేరే పనికి కట్టిన భవనమే. బిల్డింగ్ కోడ్‌లో ఆఫీసులది 'ఇ' గ్రూపు, ఆస్పత్రులది 'సి' గ్రూపు. కారణం సులభం. ఆఫీసులో పొగ వాసన వస్తే మనిషి లేచి పరుగెత్తుతాడు. సెలైన్ ఎక్కుతున్నవాణ్ణి ఇంకొకరు మోసుకుపోవాలి. ఆ మెట్లలో స్ట్రెచర్ మలుపు తిరుగుతుందో లేదో కొలిచిన మనిషిని మేమైతే చూడలేదు.

ఎక్స్‌రే గదికి కనీసం తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఉండాలి, ఆఫీసు పార్టిషన్ ప్లైవుడ్ పనికిరాదు. కిటికీలు తెరుచుకోని భవనంలో పాత ఏసీ ఒక గది గాలిని ఇంకో గదికి తిప్పుతుంది. ఆఫీసులో అయితే జలుబు అంటుకుంటుంది, ఆస్పత్రిలో టీబీ అంటుకుంటుంది. ఇవి లోపలివాళ్ళ కష్టాలు, వాళ్ళే చూసుకుంటారని ఆశ.

జనరేటర్ మాత్రం మాది కూడా. 200 నుంచి 250 కేవీఏ జనరేటర్ అయితే పొగగొట్టం భవనం కంటే మూడున్నర మీటర్లు ఎత్తుండాలి. మీటరు దూరంలో మోత 75 డెసిబెల్స్ దాటకూడదు. అటుపక్క ఆస్పత్రి చుట్టూ వంద మీటర్లను సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చు. అలా ప్రకటిస్తే అక్కడ మోత పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. మా వీధిలో వినాయక చవితి పందిరి వేస్తారు, గంగజాతర రోజుల్లో డప్పులతో వేషాలు వస్తాయి. రేపటి నుంచి వాటికి అడ్డం చెబుతారా, రోగులకు నిద్ర లేకుండా చేస్తామా? ఇలాంటి సంగతి ముందే కూర్చుని మాట్లాడుకుంటే గొడవ రాదు. ఆస్పత్రి తెరిచాక మాట్లాడితే పోలీస్ స్టేషన్లో మాట్లాడుకోవాల్సి వస్తుంది.

ఇదంతా పర్యావరణ అనుమతిలో చూస్తారు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. చూడరు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ నిర్మాణాలకు వర్తించేది 20,000 చదరపు మీటర్ల నుంచి. అంటే రెండు లక్షల పదిహేను వేల చదరపు అడుగులు. మా వీధి భవనం అందులో పదో వంతు కూడా ఉండదు. పైగా కట్టేది ఏమీ లేదు, ఉన్నదాన్నే మారుస్తున్నారు. కాగితాలు అసలే అక్కర్లేదని కాదు. ప్లాన్ ఒక ఆఫీసులో, ఫైర్ ఎన్ఓసీ ఒక ఆఫీసులో, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, చెత్తకు అనుమతి ఇంకోచోట, ప్రైవేటు ఆస్పత్రుల 2002 చట్టం కింద రిజిస్ట్రేషన్ వైద్య శాఖలో. ఎవరి ముక్క వాళ్ళది. మేము ఒకచోట అడిగితే 'అది మా పరిధి కాదు' అన్నారు, రెండోచోట 'దరఖాస్తు ఇంకా రాలేదు' అన్నారు. దరఖాస్తు వచ్చేసరికి టైల్స్ పరిచేసి ఉంటారు. శుద్ధి ట్యాంకుకు జాగా అప్పుడు ఎక్కడ వెతుకుతారు?

మా అల్లుడు కాలిఫోర్నియాలో ఒక ఊరి ప్లానింగ్ పనుల్లో ఉన్నాడు. అక్కడ 1970 నుంచి పర్యావరణ నాణ్యత చట్టం ఉంది. ఉన్న భవనాల్లో చిన్న మార్పులకు అక్కడా మినహాయింపు ఉందట, కాకపోతే వాడకం ఏమాత్రమూ పెరగకూడదు, పెరిగినా లెక్కలోకి రానంతగా ఉండాలి. పెరుగుతుందంటే గాలి, నీళ్ళు, మోత, ట్రాఫిక్, ప్రమాదకర పదార్థాలు, ఒక్కోదానికి గడి పెట్టి పత్రం నింపి జనానికి చూపిస్తారు. అమెరికాలో ఉన్నదల్లా ఇక్కడికి తేవాలని నేననను. వాళ్ళ దగ్గర అడ్డం కొట్టడానికి కూడా ఆ చట్టాన్నే వాడతారని అల్లుడే చెప్పాడు. కానీ 'వాడకం పెరుగుతోందా' అన్న ప్రశ్న మనమూ వేసుకోవచ్చు, దానికి డబ్బు ఖర్చు లేదు.

దీనికి కొత్త ఆఫీసు పెట్టనక్కర్లేదు. వార్డు సచివాలయాల్లో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉన్నాడు, ప్లానింగ్ సెక్రటరీ ఉన్నాడు, నీళ్ళూ డ్రైనేజీ చూసే అమెనిటీస్ సెక్రటరీ ఉన్నాడు. ముగ్గురూ ఒకే గదిలో కూర్చుంటారు. ఆఫీసునో హోటల్‌నో ఆస్పత్రిగా మార్చేవాళ్ళు పని మొదలుపెట్టకముందే ఒక కాగితం ఇవ్వాలి. ఎన్ని పడకలు, రోజుకు ఎన్ని లీటర్లు, ఎక్కడి నీళ్ళు, మురుగు శుద్ధి ఎక్కడ, చెత్త గది ఏ మూల, బండి ఏ వేళకు వస్తుంది, జనరేటర్ ఎక్కడ, సెల్లార్లో ఏముంటుంది, అంబులెన్స్ ఎక్కడ తిరుగుతుంది. ఆ ముగ్గురూ స్థలం చూసి సంతకం పెట్టి, దాన్ని భవనం గేటుకూ సచివాలయం గోడకూ రెండు వారాలు అంటించాలి. వీధివాళ్ళు చెప్పేది వినాలి. ఆ తర్వాతే మిగతా ఆఫీసుల పని. ఆస్పత్రివాళ్ళకూ ఇదే మేలు. పైపు ఇప్పుడు మార్చడం వేరు, రోగులు పడుకున్నాక గోడ పగలగొట్టడం వేరు.

మా వీధి భవనంలో జనరేటర్ దిమ్మె ఇంకా పోయలేదు. టైల్స్ మొదటి అంతస్తు దాకానే వచ్చాయి. ల్యాబ్ లైను విడదీయాలంటే ఆ ప్లంబర్ కుర్రాడికి ఒక్కరోజు పని. సంబంధిత అధికారులు ఈ వారంలోనే ఒకసారి వచ్చి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వచ్చేవాళ్ళు ముందు గేటు వైపు కాకుండా వెనక సందులోకి రావాలి.

ఇట్లు,
విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టర్,
తిరుపతి.
(పేరు, చిరునామా మీకు విడిగా రాశాను. అచ్చు వేయవద్దని మనవి.)