వానాకాలం గిటార్ జాగ్రత్తలు

అందరికీ నమస్కారం. మన విశాఖ ఉక్కపోత గిటార్లని వదలట్లేదు. రెండు వారాల తర్వాత నిన్న నా ఎలక్ట్రిక్ గిటార్ కేసు తెరిచి చూస్తే మొదటి తీగ గరుకుగా తగిలింది, బ్రిడ్జి (కింద తీగలు ఆనే భాగం) స్క్రూల తలలకి తుప్పు. ప్రాణం ఉసూరుమంది.

వాయించాక తీగల్ని పొడి కాటన్ గుడ్డతో తుడవండి, కింద వైపు కూడా. చెమటలో ఉప్పు ఉంటుంది కదా. కేసులో తేమ పీల్చే సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టండి. తేమ 45-55 శాతం ఉంటే మంచిది.

నెక్ (గిటార్ మెడ) ముందుకు వంగి తీగలు ఎత్తయితే, దాని లోపల వంపు సరిచేసే కడ్డీ, అదే ట్రస్ రాడ్, ఒక్కసారికి పావు చుట్టుకి మించి తిప్పొద్దు. ట్యూన్ చేసి మళ్లీ చూడండి. వాల్యూమ్ నాబ్ గరగరలాడితే వెంటనే పాట్ (నాబ్ కింద శబ్దం పెంచి తగ్గించే భాగం) మార్పించకండి. దాంట్లో కాంటాక్ట్ క్లీనర్ (మురికి పోగొట్టే స్ప్రే) కొట్టి నాబ్ 20 సార్లు అటూ ఇటూ తిప్పండి, నాది అలాగే బాగయింది.

ఆదివారం రెంచీలు తెస్తాను, గిటార్లు పట్టుకురండి.