రోజ్‌వుడ్ గిటార్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

ఈ శీతాకాలానికి అందిస్తానని మాట ఇచ్చిన రోజ్‌వుడ్ గిటార్లు అప్పటికి సిద్ధం కావు. అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్న మీకు, ముఖ్యంగా అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, డర్హమ్‌లో ఉన్న మా చిన్న వర్క్‌షాపును మొదటి నుంచీ ఆదరిస్తున్న తెలుగు కుటుంబాలకు, కారణం దాచకుండా చెప్పవలసిన బాధ్యత నాది.

వెనుక పలకకూ పక్కలకూ వాడే భారతీయ రోజ్‌వుడ్‌ను, అంటే మన వైపు ఇరుగుడు అనే కర్రను, పూర్తిగా ఆరినదని చెప్పి సరఫరాదారు పంపాడు. మీటరు పెట్టి చూస్తే తేమ 12 శాతం ఉంది. గిటారు కట్టే కర్రలో అది 6 నుంచి 8 శాతం దగ్గర ఉండాలి. లేకపోతే ఇక్కడి ఇళ్లలో హీటర్లు వేసి గాలి పొడిబారగానే పలక కుంచించుకుపోయి, అతుకు విడిపోతుంది, లేదా నిలువునా చీలుతుంది. ఆ మాటే చెబితే, ఒక్క మనిషి కూర్చుని వేళ్లతో వాయించుకునే గిటారుకు ఇంత పట్టింపు ఎందుకని అతను అన్నాడు. అది నన్ను చాలా నొప్పించింది. ఒక్కరే వాయిస్తారు కాబట్టే ఆ పట్టింపు. 1930లలో బ్లూస్ గాయకుడు, గిటారు విద్వాంసుడు రెవరెండ్ గ్యారీ డేవిస్ ఈ ఊరి వీధుల్లో వాయించిన పీడ్‌మాంట్ అనే బ్లూస్ బాణీలో బొటనవేలు మంద్ర తీగలను లయ తప్పకుండా మార్చి మార్చి మీటుతుంటే, పై తీగల మీద పాట నడుస్తుంది. డేవిస్ బొటనవేలు, చూపుడువేలు, ఆ రెండింటితోనే అంతా పలికించేవారు. ఆ మంద్రం మసకబారితే కప్పిపుచ్చడానికి పక్కన మరో వాద్యం ఉండదు.

నాకు నిద్ర లేకుండా చేసినది మాత్రం గిటార్లకు వాడే మరో కర్ర, మహోగని. బాగా ఆరిన మహోగని నా దగ్గర సరిపడా ఉంది. దానితో కడితే గడువు తప్పదు. అది తక్కువరకం కర్ర కాదు. మీటగానే స్వరం స్పష్టంగా పలికి త్వరగా ఆగుతుంది కనుక ఈ బాణీకి అదే మేలనే వాయిద్యకారులు ఉన్నారు, కొంతవరకు నా అభిప్రాయమూ అదే. అయినా మీరు రోజ్‌వుడ్‌లో చాలాసేపు నిలిచే ఆ మంద్ర నాదాన్ని విని, దాన్నే కోరుకున్నారు. గడువు పేరు చెప్పి మిమ్మల్ని ఒప్పించి కర్ర మార్చడానికి నా మనసు అంగీకరించలేదు.

మహోగనిని మీ అంతట మీరు ఎంచుకుంటే గిటారు అనుకున్న సమయానికే, తగ్గించిన ధరకు వస్తుంది. రోజ్‌వుడే కావాలంటే, మరొకచోట కొన్న కర్ర తేమ ఆరి బరువు తగ్గడం పూర్తిగా ఆగాకే తేదీ చెబుతాను. పాత సరఫరాదారు ధర ఎంత తగ్గించినా అతని కర్ర మళ్లీ మా గడప తొక్కదు. అడ్వాన్సు వెనక్కి కావాలన్నవారికి కారణం అడగకుండా మొత్తం ఇచ్చేస్తాను.