బాండు రాసేముందు డీఎస్సీ తేదీలు చూడండి

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. లెక్కలు, సైన్సు చదివే డిగ్రీ పిల్లలు టీచర్లుగా రావాలంటే ప్రత్యేక స్కాలర్‌షిప్ కావాలి. ఎంత ఇస్తారన్నది ఆర్థికశాఖతో తేలుతుంది. మా బెంగంతా బాండు గురించే, అంటే స్కాలర్‌షిప్ తీసుకున్నందుకు ఇన్నేళ్లు టీచరుగా పనిచేస్తామని రాసిచ్చే ఒప్పందం గురించే.

అమెరికాలో టీచ్ గ్రాంట్ ఉంది. ఏడాదికి 4,000 డాలర్ల దాకా ఇస్తారు. చదువయ్యాక ఎనిమిదేళ్లలోపు నాలుగేళ్లు పేదపిల్లల బడుల్లో కొరత ఉన్న సబ్జెక్టు చెప్పాలి. లేదంటే అదంతా అప్పవుతుంది, వడ్డీ సొమ్ము ఇచ్చిన రోజు నుంచే లెక్క. తీరా ఏటా పంపే ధ్రువీకరణ కాగితం ఆలస్యమైందనో, సంతకం లేదనో, బుద్ధిగా పాఠాలు చెప్పుకుంటున్నవాళ్ల గ్రాంటు కూడా అప్పయి కూర్చుంది. 2018 చివర్లో ఆ ప్రభుత్వమే దిద్దుబాటుకు దిగింది.

అదే ఎనిమిదేళ్ల షరతు ఇక్కడ పెట్టి చూడండి. ఒకమ్మాయి 2018 వేసవిలో బీఈడీ ముగించిందనుకుందాం. 2017 టీఆర్‌టీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) నోటిఫికేషన్ అప్పటికే వచ్చేసింది. 2023లో 5,089 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. 11,062 పోస్టుల డీఎస్సీ (ఇదీ టీచర్ల నియామకానిదే) 2024లో వచ్చింది, నియామక పత్రాలు అక్టోబరులో అందాయి. 2026 వేసవికి గడువు అయిపోతుంది, జిల్లా పరిషత్ బడిలో ఆమె సర్వీసు రెండేళ్లు కూడా నిండదు. నోటిఫికేషన్ ఇవ్వనిది ప్రభుత్వం, అప్పు మాత్రం ఆమె నెత్తిన!

కాబట్టి డీఎస్సీ లేని ఏళ్లను గడువులోంచి తీసేయండి. గురుకులాలు, కేజీబీవీలు (కస్తూర్బా బాలికా విద్యాలయాలు), మోడల్ స్కూళ్లలో కాంట్రాక్టు మీద చెప్పిన కాలాన్నీ సర్వీసుగా లెక్కించండి. ధ్రువీకరణ కోసం ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిప్పొద్దు. టీచరు పేరు, సబ్జెక్టు, బడి కోడ్ బడుల వివరాలుండే యూడైస్ డేటాబేస్‌లో ఎలాగూ ఉంటాయి, అక్కణ్నుంచే తీసుకోవచ్చు.

స్కాలర్‌షిప్ డిగ్రీ రెండో ఏడాదిలోనే మొదలవ్వాలి. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది. డిగ్రీ చేతికొచ్చాక మరో రెండేళ్లు సంపాదన లేకుండా ఉండమంటే పేదింట్లో ఎవరు ఒప్పుకుంటారు? పైగా బీఈడీ రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు, బస్సు ఖర్చులూ సొంతమే. అందుకే డబ్బు నెలనెలా పిల్లల ఖాతాలోనే పడాలి. మంజూరైందని స్కాలర్‌షిప్‌ల పోర్టల్ ఈపాస్‌లో కనిపిస్తూనే ఖాతాలో పడకపోవడానికి ఒక కారణం, ఆధార్ ఇంకా పాత బ్యాంకు ఖాతాకే మ్యాప్ అయి ఉండడం. దరఖాస్తు రోజునే ఆధార్ నంబరు మీద ఒక్క రూపాయి పంపి చూస్తే అది అప్పుడే బయటపడుతుంది.

ఇంకొకటి. ఎంపికప్పుడే డిగ్రీ సబ్జెక్టులను డీఎస్సీ అర్హత నిబంధనలతో సరిచూడండి. మెథడాలజీ (బీఈడీలో బోధన నేర్చుకునే సబ్జెక్టు) కుదరక హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు పనికిరాకపోతే బాండు ఉండీ లాభం లేదు.

ఇట్లు,
గణిత, సైన్సు ఉపాధ్యాయులు