సోమవారం నుంచి లైవ్ ట్రాకింగ్ లింకు ఉండదు

మా దగ్గర రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెప్పించుకునే అందరికీ,

సోమవారం నుంచి మీ ఫోనుకి ‘క్యారేజీ ఎక్కడుందో చూడండి’ అనే లింకు రాదు. వంట, ధర, వేళలు ఏవీ మారవు. లింకు ఎందుకు తీసేస్తున్నామో మాత్రం వివరంగా చెప్పాలి. క్యారేజీలు తెచ్చే మా కుర్రాళ్ల మీద మాట పడింది కాబట్టి.

పోయిన నెల నిజాంపేట వైపు ఉండే పాత కస్టమర్ ఒకరు స్క్రీన్‌షాట్ పంపారు. అందులో మా డెలివరీ అబ్బాయిని మ్యాప్‌లో చూపించే చుక్క ఒక టీకొట్టు దగ్గర ఆగి ఉంది. ‘ఇక్కడ అన్నం కోసం చూస్తుంటే మీవాడు టీ తాగుతున్నాడు’ అని రాశారు. ఆ సమయానికి ఆ అబ్బాయి ఆయన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే లిఫ్ట్ కోసం నిలబడి ఉన్నాడు. తర్వాత ఇలాంటి మెసేజ్‌లు ఇంకొందరు పెట్టారు. ఇన్నేళ్లుగా ఎండలో, వానలో తిరిగే మనిషిని అలా అంటే నాకు బాధగానే ఉంటుంది.

ట్రాకింగ్ యాప్ ఇచ్చిన కంపెనీని అడిగితే ముందు తప్పు ఫోన్లదన్నారు. బ్యాటరీ సేవర్ ఆపమన్నారు. ఆండ్రాయిడ్ ఫోన్లు ఛార్జింగ్ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లను ఆపేసే మాట నిజమే, అందుకని సేవర్ ఆపాం. సిమ్ మార్చమన్నారు, మార్చాం. గట్టిగా నిలదీస్తే చివరికి బయటపడింది. కొన్ని సెకన్లకొకసారి తీసుకునే లొకేషన్‌ని, ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని నిమిషాలకొకసారికి మార్చేశారు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. యాప్‌లో ‘లైవ్’ అన్న మాట మాత్రం అలాగే ఉంచారు. పాతలా కావాలంటే ఇంకో ప్లాన్ కొనుక్కోవాలట! ఆ రోజే వద్దని చెప్పేశాను.

మ్యాప్‌ల మీద నాకు కోపం లేదు. మేం మొదలుపెట్టినప్పుడు అడ్రసు అంటే ‘గుడి వెనక సందు, నీళ్ల ట్యాంకు ఎదురుగా’. కేపీహెచ్‌బీ కాలనీలో ఎంఐజీ, ఎల్ఐజీ అనే ఇళ్ల నంబర్లు పట్టుకుని గల్లీ గల్లీ తిరిగేవాళ్లం. 2000 మే దాకా జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌ని అమెరికా కావాలనే చెడగొట్టి ఇచ్చేది. చూపించే చోటు వంద మీటర్ల దాకా అటూఇటూ అయ్యేది. అది ఎత్తేశాకే ఇల్లు వెతకడానికి పనికొచ్చింది. 2017 డిసెంబర్‌లో గూగుల్ మ్యాప్స్ మన దేశంలో టూవీలర్ దారులు మొదలుపెట్టింది, మా పనికి అది పెద్ద ఊరట. 2024లో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో కూడా ముందే చెప్పడం మొదలైంది. అయినా ఎత్తైన అపార్ట్‌మెంట్ టవర్ల మధ్య శాటిలైట్ సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది, సెల్లార్‌లోకైతే రానే రాదు. అప్పుడు ఫోను వైఫైని, సెల్ టవర్లని బట్టి అంచనా వేస్తుంది. ఆ అంచనాని పట్టుకుని మనిషి మీద నింద వేయకూడదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. వేరే కంపెనీవాళ్లు వచ్చి ఇంతకంటే తక్కువకే ఇస్తామన్నారు. అందులో ప్రతి కుర్రాడికీ మార్కులుంటాయి. ఎంత స్పీడు, ఎక్కడ ఆగాడు, ఎంతసేపు ఆగాడు అన్నీ లెక్కే. ఎక్కువసేపు ఆగితే జీతంలో కోత దానంతటదే పడుతుంది. లెక్కలు చూసే మా తమ్ముడు తీసుకుందామన్నాడు. డబ్బు కలిసొస్తుంది, కస్టమర్లకీ చుక్క కనిపిస్తుంది అన్నాడు. అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు. రోజుల తరబడి అదే ఆలోచించాను. కానీ జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర మధ్యాహ్నం ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మార్కులు పోతాయనే టెన్షన్‌లో ఉన్నవాడు రాంగ్ రూట్‌లో దూరతాడు. నా క్యారేజీ కోసం ఎవరి కాలూ విరగకూడదు. మంచినీళ్లు తాగడానికి ఆగినవాడికి జీతం కోసే యాప్ నా వంటింట్లోకి రాదు. తమ్ముడికి ఇంకా ఒప్పుకోబుద్ధి కావడం లేదు, అయినా నేను మారను.

ఇకమీదట ఇలా చేస్తాం. కుర్రాళ్లు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌ని మా వంటింటి ఫోనుకి మాత్రమే పెడతారు, ఆఖరి క్యారేజీ ఇచ్చాక ఆపేస్తారు. ఆలస్యమయ్యేట్టుంటే మీరు అడక్కముందే మేమే ఫోన్ చేస్తాం.

మీరు చేయాల్సింది ఒక్కటే. శనివారం లోపు మీ గేటు దగ్గర నిలబడి లొకేషన్ పంపండి. పడగ్గదిలోంచి పంపితే చాలాసార్లు వెనక వీధి చూపిస్తుంది. రెండు గేట్లుంటే బండిని లోపలికి వదిలే గేటు దగ్గర తీయండి. డిజిపిన్ ఉంటే అదీ పంపొచ్చు. 2025లో తపాలా శాఖ తెచ్చిన పది అక్షరాల కోడ్ అది. దాని తయారీలో ఐఐటీ హైదరాబాద్‌తో పాటు మన పక్కనే బాలానగర్‌లో ఉన్న ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్సీ కూడా పనిచేసింది. సుమారు నాలుగు మీటర్ల చదరాన్ని చూపిస్తుంది, అంతస్తు మాత్రం చెప్పదు. కాబట్టి ఫ్లోరు, ఫ్లాట్ నంబరు విడిగా రాయండి.

చుక్క కనిపించకపోతే కుదరదనుకునేవాళ్లు చెప్పండి, మిగిలిన రోజుల డబ్బు అడిగిన రోజే వెనక్కి వేసేస్తాం.