కలెక్టర్ గారూ, ఇల్లు లేనివాళ్లకి పెన్షన్ ఏ గుమ్మం దగ్గర ఇస్తారు?

గౌరవనీయులైన ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

ఒంగోలు రైల్వే స్టేషన్ బయట, ఆర్టీసీ బస్టాండులో, పెద్దాసుపత్రి గోడ వెంబడి రాత్రిళ్లు పడుకునేవాళ్లకి మా చర్చి సంఘం కుర్రాళ్లు అన్నం పొట్లాలు తీసుకెళ్తుంటారు. నిజం చెప్పాలంటే తిండి ఒక్కటే సమస్య కాదు. అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయలకే భోజనం దొరుకుతోంది, సంతోషం. దొరకనిది చోటు.

వృద్ధాప్య పెన్షన్ నెలకి రూ. 4,000 ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మంచి పద్ధతే. మరి కొడుకులు పట్టించుకోక, కనిగిరి వైపు నుంచి వచ్చి స్టేషన్ దగ్గరే ఉండిపోయిన ముసలావిడకి ఎక్కడ ఇస్తారు? ఆధార్ కార్డు ఎప్పుడో పోయింది, వేలిముద్రలు అరిగిపోయాయి. ఏ కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లినా "మీ ఊరెళ్లి తెచ్చుకోమ్మా" అంటారు. ఊళ్లో ఎవరైనా ఉంటే ఆమె ఇక్కడెందుకు ఉంటుంది?

పట్టణ నిరాశ్రయుల వసతి పథకం మార్గదర్శకాలు చూస్తే లక్ష జనాభాకి ఒక వసతి గృహం ఉండాలి. ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలి. అక్కడ ఉండేవాళ్లకి గుర్తింపు కార్డు, రేషన్, పెన్షన్ అందేలా కూడా చూడాలి. 2011 లెక్కల్లోనే ఒంగోలు జనాభా రెండు లక్షలు దాటింది. అంటే కనీసం రెండు. అవి బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయా, రాత్రి పదకొండింటికి కార్డు లేకుండా వచ్చినవాళ్లకి తలుపు తీస్తారా? ముందుగా చెప్పకుండా మీరే ఒకసారి వెళ్లి చూడండి.

మతిస్థిమితం లేక తిరిగేవాళ్ల సంగతి ఇంకా దారుణం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం వాళ్లని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యత పోలీసులది. వీఐపీ వచ్చే ముందు రోజు వ్యాన్ ఎక్కించి ఊరి బయట దింపమని ఏ చట్టమూ చెప్పలేదు.

చర్చిలు ఏం చేస్తున్నాయని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. క్రిస్మస్‌కి దుప్పట్లు పంచి ఫొటోలు దిగుతాం, జనవరిలో ఆ దారినే పోయినా ఆగం. తనకి తల వాల్చుకోవడానికి చోటు లేదని చెప్పిన యేసు ప్రభువుని కొలుస్తూ, చర్చి హాలుకి రాత్రిళ్లు తాళం వేసుకుంటాం. మా నిరీక్షణ, అంటే మా ఆశ, పరలోకం గురించే అయితే స్టేషన్ మెట్ల మీద ఉన్నవాళ్లకి దానితో పనేముంది?

మేం వస్తే మతం మారుస్తామని కొందరికి అనుమానం. దానికి జవాబు ఈ ఒంగోలులోనే ఉంది. 1876-78 కరువులో ఇక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, కూడు ఇప్పించారు. ఆ కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఆ తర్వాతే, 1878 జూలై 3న. మేమూ ఆ పద్ధతికే కట్టుబడతాం. వసతి గృహంలో ప్రసంగాలు ఉండవు, కరపత్రాలు ఉండవు. కావాలంటే రాసిస్తాం. గుడి వాళ్లు, మసీదు వాళ్లు కలిసొస్తే ఇంకా మంచిది.

రాత్రి కాపలా, వంట, ఆసుపత్రికి తోడు వెళ్లడం మేం చూసుకుంటాం. బస్టాండు దగ్గర ఖాళీగా ఉన్న ఒక ప్రభుత్వ భవనం, అక్కడికి నెలకోసారి వచ్చే ఆధార్, పెన్షన్ సిబ్బంది, ఈ రెండూ మీ సంతకంతోనే అవుతాయి. అక్టోబరు వానలు, వాయుగుండాలు మొదలయ్యేలోపు ఆ సంతకం పడాలి. ఈ సోమవారం గ్రీవెన్స్‌లో ఇదే విషయం అర్జీగా ఇస్తున్నాం. కుదరదంటే ఎందుకు కుదరదో దాని మీదే రాయించండి.

ఇట్లు,
ఒంగోలు నుంచి ఒక సంఘ సభ్యుడు