దాణాలో యాంటీబయాటిక్‌లు: ఆదివారం మీటింగ్

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన పశుపోషకుల మీటింగ్. పశువైద్యులు కూడా వస్తున్నారు. విషయం ఒక్కటే: జబ్బు లేని పశువులకు, కోళ్లకు దాణాలోనో నీళ్లలోనో రోజూ కలిపే యాంటీబయాటిక్‌లు.

కొంచెం కొంచెంగా రోజూ మందు పడితే లొంగే బ్యాక్టీరియా చస్తుంది, లొంగనిది మిగిలి పెరుగుతుంది. పేడ, నీళ్లు, మాంసం, మన చేతుల ద్వారా అది ఇంట్లోకీ రావచ్చు. రేపు మన పిల్లలకు ఇన్ఫెక్షన్ వస్తే అదే మందు పనిచేయకపోవచ్చు. నా టెన్షన్ అంతా దాని గురించే. ఆరోగ్యంగా ఉన్న పశువులకు పెరుగుదల కోసమో, ముందుజాగ్రత్తగానో వీటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే చెప్పింది. పెరుగుదల కోసం వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2006లోనే పూర్తిగా ఆపేసింది.

వచ్చేటప్పుడు దాణా సంచి లేబుల్ ఫొటో, మీ దగ్గరున్న మందులు తీసుకురండి. టీకాలు ఎప్పుడు వేయించారో రాసుకుని రండి.

జబ్బు చేసిన పశువుకు వైద్యం ఆపమని ఎవరూ అనడం లేదు. డాక్టర్ రాస్తే కోర్సు పూర్తిగా వేయండి. ఆయన చెప్పిన గడువు దాటేదాకా పాలు, గుడ్లు మాత్రం అమ్మకండి, దయచేసి.

వచ్చేవాళ్లు శుక్రవారంలోపు ఇక్కడే పేరు పెట్టండి.