పర్లాకిమిడికి నేల పని నేర్పే కాలేజీ ఇవ్వండి: ఒడిశా వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా వ్యవసాయ, రైతు సాధికారత శాఖ మంత్రి గారికి,

గజపతి జిల్లా కాశీనగర్ బ్లాకు నుంచి ఒక జీడి రైతు నమస్కరించి రాసేది. ఈ లేఖ ఒడియా ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో అందరి ముందూ పెట్టడం ఎందుకంటే, నేను అడిగేది పర్లాకిమిడి, గోసాని, కాశీనగర్ వైపు రైతులందరికీ సంబంధించినది. వాళ్లూ చదవాలి, నచ్చకపోతే నాతో వాదించాలి.

పర్లాకిమిడి ప్రాంతంలో ప్రభుత్వ వ్యవసాయ కళాశాల పెట్టండి. అయితే భువనేశ్వర్‌లో ఉన్నదానికి నకలు మాకు వద్దు. పదో తరగతి పాసై ఆగిపోయిన పిల్లలు కూడా చేరగలగాలి. రెండేళ్లలో జీడి అంటు కట్టడం, కొండ మడి గట్టు నిలబెట్టడం, పవర్ టిల్లర్ విప్పి బిగించడం, మేకలకు టీకా వేయడం చేత్తో చేసి నేర్చుకుని బయటికి రావాలి. అలాంటి కాలేజీ అడుగుతున్నాను.

డిగ్రీ అడగాల్సింది పోయి డిప్లొమా అడుగుతావేంటని మావాళ్లే కొందరు కోప్పడ్డారు. వ్యవసాయ డిగ్రీ చదివిన పిల్లల్లో ఎక్కువమంది బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకో, ప్రభుత్వ కొలువుకో, పీజీకో వెళ్తారు. అందులో తప్పేం లేదు, నా కొడుకైనా అదే చేస్తాడు. కానీ ఆ నాలుగేళ్ల చదువులో పల్లెలో ఉండి రైతు పక్కన పనిచేసేది చివరి ఏడాదిలో కొన్ని నెలలే. మా ఊళ్లకు ఇప్పుడు కరువైంది ఆఫీసర్లు కాదు, పని తెలిసిన చేతులు. డిగ్రీ కోర్సులోనైనా ఏడాదికి సర్టిఫికెట్‌తో, రెండేళ్లకు డిప్లొమాతో బయటికి రావచ్చని వ్యవసాయ కోర్సులు ఎలా ఉండాలో చెప్పడానికి భారత వ్యవసాయ పరిశోధన మండలి వేసిన ఆరో డీన్ల కమిటీ కూడా దారి చూపింది. కాబట్టి నేను వింతేమీ అడగడం లేదు.

జీడి సంగతే తీసుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా కొండల మీదుగా పోయింది. కాపుకొచ్చిన తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. తర్వాత మళ్లీ నాటినప్పుడు మా చుట్టుపక్కల చాలామంది చేతికందిన పిక్కే పెట్టారు. జీడిలో పరపరాగ సంపర్కం ఎక్కువ, పిక్క నుంచి మొలిచిన మొక్కకు తల్లి చెట్టు గుణం వస్తుందన్న నమ్మకం లేదు. ఒక చెట్టు విరగకాస్తుంది, పక్కది ఆకులే చూపిస్తుంది. అంటు మొక్క అయితే మూడో ఏడు నుంచే కాపు మొదలవుతుంది. బాపట్లలో తయారైన బీపీపీ 8 లాంటి రకాలు ఉన్నాయని మాకు తెలుసు. తెలియనిది అంటు కట్టే పని. రెండు నెలల లోపు వయసున్న మొక్క మీద మంచి చెట్టు పుల్లను చీలికలో దించి కట్టడం పుస్తకంలో చదివితే వచ్చే విద్య కాదు, వందల మొక్కలు పాడుచేస్తే గానీ చెయ్యి కుదరదు. ఆ పాడయ్యే మొక్కల ఖర్చు భరించడానికే ప్రభుత్వ కాలేజీ కావాలి. ముసలి తోటల్ని నడుము ఎత్తులో కోసి, కొత్తగా వచ్చిన చిగుళ్ల మీద మంచి రకం అంటు కట్టి తోటను మళ్లీ వయసులోకి తెచ్చే పద్ధతి కూడా ఉంది. అది చేయగలిగిన మనిషి మా పంచాయతీలో ఒక్కడూ లేడు.

ఇక జీడిని పట్టే టీ దోమ అనే పురుగు. లేత చిగురు రసం పీల్చేస్తే పూత మొత్తం మాడిపోతుంది. చిగురు వచ్చినప్పుడు, పూత మీద, పిందె మీద ఇలా మూడు దశల్లో చూసుకుని మందు కొట్టాలి. మావాళ్లు పూత మాడాక కొడతారు. డబ్బూ పోతుంది, తేనెటీగలూ పోతాయి.

అమ్మకం దగ్గర జరిగేది మరీ అన్యాయం. మా పిక్క అంతా పలాస వైపు పోతుంది. వ్యాపారి గుప్పెడు పిక్కలు కోసి చూసి, 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో లెక్క కడతాడు. ఆ లెక్కను బట్టే ధర. పప్పును తర్వాత డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని విడదీస్తారు. అంటే పౌనుకు సుమారు ఎన్ని గుండ్లు తూగుతాయన్నది. కొనేవాడికి ఈ లెక్క నోటికి వచ్చు. అమ్మేవాడు బస్తా మోసుకొచ్చి నిలబడతాడు, అంతే. ఆ కోత పరీక్ష ఒక రోజులో నేర్పవచ్చు. నేర్పే చోటు లేదు.

మా ఎర్ర నేలల గురించి మీ శాఖకు నేను చెప్పక్కర్లేదు. ఒడిశా సాగు నేలల్లో సుమారు 70 శాతం ఆమ్ల నేలలే. సున్నం వేయాలనీ, కాగితం మిల్లు మడ్డి వేసినా పనికొస్తుందనీ భువనేశ్వర్‌లోని మీ ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయమే చెప్పింది. మిల్లు రాయగడ దగ్గరే ఉంది. అయినా మా చేలల్లో సున్నం వేసినవాణ్ణి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎరువు వేసినా పైరు ఎత్తుకోకపోతే ఇంకో బస్తా ఎరువు వేస్తారు.

2018లో కర్ణాటకలో కనబడ్డ కత్తెర పురుగు తర్వాత మా మొక్కజొన్న దాకా వచ్చింది. అప్పుడు రైతు ఎవరిని అడిగాడు? సరిహద్దు దాటి పాతపట్నంలో మందుల కొట్టుకు వెళ్లాడు. ఎందుకంటే అక్కడ తెలుగులో అడగొచ్చు, అప్పూ ఇస్తారు. కొట్టువాడు తనకు మిగిలేదే అంటగడతాడు. మొవ్వులో పడాల్సిన మందు ఆకుల మీద పడుతుంది. కృషి విజ్ఞాన కేంద్రం ఉంది కదా అని మీ అధికారులు అంటారు. ఉంది, ఆర్. ఉదయగిరిలో. కాశీనగర్ నుంచి ఘాటీ ఎక్కి అక్కడికి పోయి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. వాళ్లు మంచివాళ్లు, కానీ పిలిస్తే వచ్చేంత మంది లేరు.

మా దగ్గర్లోనే ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వ్యవసాయ డిగ్రీ చెబుతోంది. ఆ ఫీజు రెండెకరాల రైతుకు అందేది కాదు. శ్రీకాకుళం పక్కన నైరాలో వ్యవసాయ కళాశాల ఉంది, మాకు భువనేశ్వర్ కన్నా ఎంతో దగ్గర. కానీ ఆంధ్రలో మా పిల్లలకు స్థానికత ఉండదు. ఇటు మీ విశ్వవిద్యాలయం కళాశాలలేమో భువనేశ్వర్, చిపిలిమ, భవానీపట్నల్లో ఉన్నాయి. సముద్రం దగ్గరని చేపల కాలేజీని బరంపురం పక్కన రంగైలుండలో పెట్టారు, అది తెలివైన పని. ఆ లెక్కన కొండ వ్యవసాయం నేర్పే కాలేజీ కొండ పక్కనే ఉండాలి కదా.

కొండ అన్నాను కాబట్టి మా కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట చెప్పాలి. గుమ్మ, సెరంగో వైపు వాలుల్లో రాళ్లు పేర్చి మెట్టు మెట్టుగా మడులు కట్టి, ఊట నీటిని పై మడి నుంచి కింది మడికి సిమెంటు చుక్క లేకుండా దింపుతారు. ఇంజినీర్లు కట్టిన చెక్‌డ్యాములు రెండు వానలకు కొట్టుకుపోయిన చోట ఆ గట్లు నిలిచాయి. వాటిని కట్టే పెద్దలు ముసలివాళ్లయ్యారు, కుర్రాళ్లేమో చెన్నై, కేరళ పనులకు పోతున్నారు. ఆ పెద్దల్ని కాలేజీలో గౌరవ వేతనం మీద బోధకులుగా పెట్టండి. డిగ్రీ లేదని ఫైలు ఆపకండి. చింతపండు, కొండచీపురు, తేనె, చోడి (రాగి) కూడా పాఠాల్లో ఉండాలి. మీ చిరుధాన్యాల మిషన్ వచ్చాక చోడికి మళ్లీ విలువ వచ్చింది, అందుకు మీ ప్రభుత్వాలకు దండం పెట్టాలి.

పరీక్షలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. పొలంలో చెప్పేది మాత్రం తెలుగులో, సవరలో కూడా ఉండాలి. సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేసిన ఊరు మాది. ఇది వందేళ్ల కిందే ఇక్కడ చేసి చూపించిన పని.

ఇంకొకటి, సెంటిమెంటు అనుకున్నా సరే. మా జిల్లాకు పేరిచ్చిన పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి మహారాజు గారు 1926లో వేసిన రాయల్ వ్యవసాయ కమిషన్‌లో సభ్యులు. 1928లో ఆ కమిషన్ ఇచ్చిన నివేదికతోనే మరుసటి ఏడాది ఇప్పటి భారత వ్యవసాయ పరిశోధన మండలి పుట్టింది. దేశం మొత్తానికి వ్యవసాయ పరిశోధన ఎలా ఉండాలో చెప్పిన కమిషన్‌లో కూర్చున్న మనిషి ఊళ్లో ప్రభుత్వ వ్యవసాయ కళాశాల లేదు. భువనేశ్వర్‌లో ఎవరికైనా ఇది గుర్తుందా?

పెద్ద భవనాలతో మొదలుపెట్టమని అడగను. నీళ్లున్న కొంత భూమి, ఒక నర్సరీ, మరమ్మతుల షెడ్డు, ఆడపిల్లలకు ఒక హాస్టల్ ముందు చాలు. హాస్టల్ లేకపోతే కొండ ఊళ్ల ఆడపిల్లలు రారు, జీడి పని సగం చేసేది వాళ్లే. జూన్ నుంచి అక్టోబరు దాకా అంటు కట్టే కాలం, ఆ నెలల్లో తరగతి గది మూసేసి అందర్నీ నర్సరీకి పంపించే వెసులుబాటు కాలేజీకి ఇవ్వండి.

వచ్చే బడ్జెట్‌లో స్థలం చూసి నివేదిక తయారు చేయడానికైనా కొంత సొమ్ము కేటాయించండి. స్థలం చూడటానికి పంపే అధికారుల్లో ఒక్కరైనా జీడి తోటల్లో పనిచేసినవారు ఉండాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పంపండి, అప్పుడు పిక్క దిగుతుంది. తూకం దగ్గర నిలబడి ధర ఎలా తెగుతుందో వాళ్లే చూస్తారు.

ఇట్లు,
కాశీనగర్ బ్లాకు జీడి రైతు,
గజపతి జిల్లా